రెండు భాగాల సంఖ్యను నొక్కడం ఎలా

సిద్దిపేట జిల్లాలో పొలం గట్టు మీద ఒక స్టార్టర్ డబ్బా, దాని కింద బోరులో మూడు ఫేజుల మీద నడిచే ఐదు హార్స్‌పవర్ మోటారు ఉన్నాయనుకుందాం. ఆ మోటారు లైన్ నుంచి ఎంత కరెంటు లాగుతుందో తెలియాలంటే బడిలో నేర్చుకున్న ఓమ్ సూత్రమే చాలు: వోల్టేజీని అడ్డంకితో భాగించాలి. చిక్కల్లా ఆ అడ్డంకి మామూలు సంఖ్య కాకపోవడంలో ఉంది. తీగచుట్టలున్న చోట ఏసీ కరెంటు వోల్టేజీతో అడుగు కలపదు, కాస్త వెనకబడుతుంది. ఎంత అడ్డుపడుతోంది, ఎంత వెనక్కి లాగుతోంది అనే రెండు సంగతులనూ ఒక్క సంఖ్యలో పట్టాలి. ఆ సంఖ్య పేరు ఇంపెడెన్స్. లోడును బట్టి అది మారుతూ ఉంటుంది గానీ, ఒకానొక క్షణంలో ఒక్కో ఫేజుకు 24 + 18ఐ ఓములని తీసుకుందాం. ఐ అంటే −1కి వర్గమూలం. ఫేజు వోల్టేజీ 240. అంటే మనం చేయాల్సిన లెక్క 240 ÷ (24 + 18ఐ).

జవాబు 6.4 − 4.8ఐ ఆంపియర్లు. దీన్నే ఇంకో తీరులో చెబితే 8 ఆంపియర్లు, 36.87 డిగ్రీలు వెనక; 8∠−36.87 అని రాస్తారు. క్లాంప్ మీటర్ తగిలిస్తే కనబడేది ఆ 8. నీళ్లు తోడే పనిలోకి వచ్చేది 6.4. మిగిలిన 4.8 పనిలోకి రాకుండా లైన్ మీద అటూ ఇటూ తిరుగుతుంటుంది, తీగల్ని మాత్రం వేడెక్కిస్తుంది. 6.4ను 8తో భాగిస్తే వచ్చే 0.8ని లైన్‌మన్ దగ్గర్నుంచి ఇంజినీరు దాకా అందరూ పవర్ ఫ్యాక్టర్ అంటారు. ఈ మోటారుకు 2 కిలోవార్ల కెపాసిటర్ పెడితే 8 ఆంపియర్లు 6.7కు దిగుతాయి, లైన్‌లో వేడిగా పోయే నష్టం దాదాపు 30 శాతం తగ్గుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది కాబట్టి, కెపాసిటర్ పెట్టినందుకు రైతుకు బిల్లులో కలిసొచ్చేదేమీ లేదు. ఆ లాభమంతా ట్రాన్స్‌ఫార్మర్‌కే. కెపాసిటర్ గురించి ఎంత చెప్పినా ఊళ్లలో ఎక్కకపోవడానికి ఇదొక కారణమని నా అనుమానం.

చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌లోకి నీళ్లెత్తే నాలుగు పంపులు ఒక్కొక్కటి 130 మెగావాట్లకు పైబడినవి. అక్కడ సంఖ్యలు పెద్దవి, గణితం ఇదే. 1893లో షికాగోలో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో చార్లెస్ స్టైన్‌మెట్జ్ ఏసీ సర్క్యూట్లను ఇలాంటి రెండు భాగాల సంఖ్యలతో, అంటే సంకీర్ణ సంఖ్యలతో తేల్చే పద్ధతిని ముందుపెట్టిన తర్వాత, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు వెనక్కి తిరిగి చూడలేదు.

ఇక మోటారును వదిలి, ఆ ఒక్క భాగహారాన్ని పట్టుకుందాం. చేతిలో ఇమిడే యంత్రం, దాని మీద ముప్పై నలభై బటన్లు, అందులో సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలకే పోయాయి. రెండు భాగాలున్న సంఖ్యను దానిలోకి దింపే దారేది? చూడ్డానికి చిన్న ప్రశ్నే. దీనికి నలభై ఏళ్లుగా తయారీదారులు ఇచ్చిన జవాబులు ఒకదానికొకటి పొసగవు. పొసగకపోవడానికి మూలం ఒక్కటే: సంకీర్ణ సంఖ్య ఒక సంఖ్యా, రెండు సంఖ్యలా అన్నది యంత్రం తయారుచేసినవాడు ముందే తేల్చుకోవాలి. ఏ సంగతీ తేల్చుకోకుండా బటన్లు అమర్చినా, ఆ బటన్లే అతని తరఫున తేల్చేస్తాయి.

అసలు అలాంటి సంఖ్యే లేదనుకున్న కాలం చాలా పొడవు. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో, ఋణసంఖ్య స్వభావరీత్యా వర్గం కాదు గనుక దానికి వర్గమూలం లేదని తేల్చి చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు. మామూలు మోడ్‌లో ఉన్న క్యాసియోలో √(−1) కొట్టి చూడండి. తెర మీద వచ్చే మ్యాథ్ ఎర్రర్ మహావీరాచార్యుడి తీర్పే. మన పిల్లలు ఆ తీర్పును దాటేది ఇంటర్ రెండో సంవత్సరంలో, గణితం 2ఏ మొదటి అధ్యాయంలో. ఆ వెంటనే డిమోయర్ సిద్ధాంతం వస్తుంది. ఇంటర్ పరీక్షలో కాలిక్యులేటర్‌కు చోటు లేదు, ఒకప్పుడు ఎంసెట్ అన్న ఈఏపీసెట్‌లోనూ లేదు. కాబట్టి సంకీర్ణ సంఖ్యను బటన్లతో నొక్కాల్సిన అవసరం పాలిటెక్నిక్‌లోనో బీటెక్‌లోనో ఎలక్ట్రికల్ సర్క్యూట్ల పేపర్ ఎదురైనప్పుడే పుడుతుంది.

అమెరికాలో ఈ అవసరం ఇంకా ముందే పుట్టింది. టెలిఫోన్ ఫిల్టర్లు, యాంప్లిఫయర్లు రూపొందించాలంటే సంకీర్ణ సంఖ్యల గుణకారాలు, భాగహారాలు కుప్పలు తెప్పలుగా చేయాలి. బెల్ లేబొరేటరీలో ఆ పని మీద గణకులుగా స్త్రీలు కూర్చుని రోజంతా చేసేవారు. ఒక్క సంకీర్ణ గుణకారానికి నాలుగు మామూలు గుణకారాలు, రెండు కూడికలు తీసివేతలు. భాగహారమైతే ఇంకా ఎక్కువ. ఆ విసుగు తీర్చడానికి జార్జ్ స్టిబిట్జ్, శామ్యూల్ విలియమ్స్ కలిసి టెలిఫోన్ రిలేలతో ఒక యంత్రం కట్టారు. 1940 జనవరిలో అది పనిలోకి వచ్చింది. దాని పేరే కాంప్లెక్స్ నంబర్ కాలిక్యులేటర్. సుమారు 450 రిలేలు ఉండేవి. సంఖ్యలు కొట్టేది టెలిటైప్ మీద, అంటే తంతి యంత్రం లాంటి కీబోర్డు మీద. ఆ ఏడాది సెప్టెంబర్ 11న డార్ట్‌మత్ కాలేజీలో గణితజ్ఞుల సభ జరుగుతుంటే, స్టిబిట్జ్ అక్కడ టెలిటైప్ ముందు కూర్చున్నాడు. యంత్రం న్యూయార్క్‌లో ఉంది. డార్ట్‌మత్‌లో కొట్టిన లెక్క తీగ మీద వెళ్లి జవాబు తీగ మీదే తిరిగొచ్చింది. దూరం నుంచి కంప్యూటర్‌ను వాడటానికి తొలి ఉదాహరణగా దీన్ని చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో ఇంకో సంగతి ముఖ్యం: రిలేలతో లెక్కలు చేసే ఈ తొలి తరం యంత్రం సంకీర్ణ సంఖ్యల కోసమే పుట్టింది. నలభై ఏళ్ల తర్వాత జేబు కాలిక్యులేటర్లలోకి అదే సంఖ్య దొడ్డిదారిన, షిఫ్ట్ బటన్ చాటున రావాల్సి వచ్చింది.

మన దగ్గర ఇంజినీరింగ్ విద్యార్థి చేతిలో ఎక్కువగా కనిపించేది క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 కుటుంబం. పరీక్ష హాల్లోకి ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లను సాధారణంగా రానివ్వరు. ఇది ప్రోగ్రామబుల్ కాదు గనుక ఆ గొడవ లేదు. పాత 991ఎంఎస్‌లో మోడ్ నొక్కి 2 కొడితే సంకీర్ణ మోడ్ వస్తుంది. ఆ మోడ్‌లో ఈఎన్‌జీ అన్న బటన్ ఐ గుర్తుగా మారిపోతుంది. ఇక రాసినట్టే కొట్టడం: 240 ÷ ( 24 + 18 ఐ ) =. తెర మీద 6.4 వస్తుంది, పైమూల ఒక చిన్న గుర్తు వెలుగుతుంది. ఆ గుర్తు అర్థం జవాబు ఇంకా అయిపోలేదని. షిఫ్ట్ నొక్కి, ఆపైన = నొక్కితేనే −4.8 కనిపిస్తుంది. కంగారులో 6.4 రాసేసి ముందుకు పోయే విద్యార్థి ఉంటాడు, వాడిని తప్పుపట్టలేం. రెండు ముక్కల జవాబులో ఒక ముక్కను పరదా వెనక దాచింది యంత్రం.

ఇంతకంటే మెలిక ఉన్నది బ్రాకెట్ల దగ్గర. క్యాసియో లెక్కలో 24 + 18ఐ అనేది సంఖ్య కాదు, ఒక కూడిక. 24కు 18ఐని కలపమని మనం చెబుతున్నాం, అది కలుపుతోంది. కాబట్టి బ్రాకెట్లు మరిచి 240 ÷ 24 + 18ఐ అని కొడితే యంత్రం ముందు భాగహారం చేసి, తర్వాత కలిపి, 10 + 18ఐ అంటుంది. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. బయటికి మర్యాదస్థుడిలా కనిపించే తప్పు జవాబు అది. కోణం రూపంలో ఈ బాధ లేదు: షిఫ్ట్ నొక్కి, ఆపైన మైనస్ గుర్తు బటన్ నొక్కితే ∠ వస్తుంది, 30∠36.87 అని కొడితే అది విడిపోని ఒకే సంఖ్య. ఒకే యంత్రంలో ఒకే సంఖ్య ఒక రూపంలో కూడిక, మరో రూపంలో సంఖ్య. ఎవరూ కావాలని చేసి ఉండరు. మామూలు కాలిక్యులేటర్ మీద సంకీర్ణ సంఖ్యలను తర్వాత అతికించినప్పుడు ఇలాగే అవుతుంది.

ఆ అతుకు ఇంకోచోట కూడా బయటపడుతుంది. 991ఈఎస్‌లో జవాబు రెండు భాగాలూ ఒకేసారి కనిపిస్తాయి, బాగానే ఉంది. కానీ సంకీర్ణ సంఖ్యకు వర్గం, ఘనం, విలోమం వరకే దాని శక్తి. (1 + ఐ)ని నాలుగో ఘాతానికి ఎత్తమంటే మ్యాథ్ ఎర్రర్. జవాబు −4 అని డిమోయర్ సిద్ధాంతం చదివిన ఇంటర్ విద్యార్థి నోటితో చెబుతాడు. వర్గం చేసి మళ్లీ వర్గం చేస్తే యంత్రం కూడా చెబుతుంది. సిద్ధాంతం పుస్తకంలో ఉంది, మెషీన్‌లోకి ఎక్కలేదు.

దీనికి భిన్నమైన సంప్రదాయం హ్యూలెట్-ప్యాకర్డ్‌ది. అందులో ముందు సంఖ్యలు, తర్వాత పని. 240 కొట్టి ఎంటర్ నొక్కితే అది ఒక మెట్టు పైకి పోతుంది. కింద ఇంకో సంఖ్య కొట్టి ÷ నొక్కితే రెండూ కలిసి జవాబవుతాయి. బ్రాకెట్ల అవసరమే రాదు. నాలుగు మెట్లున్న ఈ నిల్వకు స్టాక్ అని పేరు. 1982లో వచ్చిన హెచ్‌పీ-15సీలో సంకీర్ణ సంఖ్యల కోసం ఈ స్టాక్‌కు పక్కనే ఇంకో స్టాక్ కట్టారు, అచ్చం అంతే ఎత్తున, ఐ ఉన్న భాగాల కోసం, అంటే కల్పిత భాగాల కోసం. 24 ఎంటర్ 18 కొట్టి, ఎఫ్ అనే బటన్ నొక్కి, ఆపైన ఐ నొక్కితే 18 ఆ పక్క స్టాక్‌లోకి జారుతుంది. తెర మీద సీ అనే చిన్న అక్షరం వెలుగుతుంది. ఆ క్షణం నుంచి కూడిక, గుణకారం, సైన్, లాగరిథమ్, వర్గమూలం అన్నీ సంకీర్ణ సంఖ్యల మీదే పనిచేస్తాయి. దీని గణితం వెనక విలియమ్ కహాన్ హస్తం ఉంది. కంప్యూటర్లలో దశాంశాల లెక్కకు ప్రమాణం ఏర్పరచినవారిలో ముఖ్యుడాయన.

ఆ యంత్రం తెర మీద పది అంకెల ఒక్క వరుసే. 6.4 కనిపిస్తుంది, −4.8 చూడాలంటే ఎఫ్ తర్వాత ఇంకో బటన్ నొక్కి పట్టుకోవాలి. వేలు తీస్తే మాయమవుతుంది. పక్క స్టాక్ ఊరికే రాదు కూడా: ప్రోగ్రాములకు, డేటాకు ఉన్న జాగాలోంచి ఐదు రిజిస్టర్లు అది తీసేసుకుంటుంది. ఎస్‌టీఓ నొక్కి దాచుకుంటే వాస్తవ భాగం మాత్రమే దాగుతుంది. కల్పిత భాగాన్ని తిప్పి తెచ్చి వేరే రిజిస్టర్‌లో మళ్లీ దాచాలి. ప్రోగ్రామ్‌లో 24 + 18ఐ అనే ఒక్క స్థిరాంకం రాయాలంటే ఆరు అడుగులు పడతాయి: 2, 4, ఎంటర్, 1, 8, ఎఫ్ ఐ. అన్నిటికన్నా ప్రమాదం కోణం రూపంలో ఉంది. జవాబును పొడవు, కోణంగా మార్చి చూపమంటే చూపుతుంది. అయితే మార్చిన అంకెలనే రెండు స్టాక్‌లలో పెట్టేస్తుంది. తిరిగి మార్చకుండా తర్వాతి గుణకారం చేస్తే, 8∠−36.87ను అది 8 − 36.87ఐ అనుకుని గుణిస్తుంది. లెక్క చేసే చోట ఒకే సంఖ్యగా, కొట్టే చోటా చూసే చోటా దాచే చోటా రెండుగా చూసింది ఈ యంత్రం. అయినా 1982లో, అంత చిన్న మెమరీలో, అంతకంటే మెరుగ్గా చేసి ఉండేవారని నేననుకోను.

1988లో వచ్చిన హెచ్‌పీ-32ఎస్ ఇంకో దారి తొక్కింది. పక్క స్టాక్ లేదు. ఉన్న నాలుగు మెట్లలోనే ఒక్కో సంకీర్ణ సంఖ్య రెండు మెట్లు ఆక్రమిస్తుంది. పనికి ముందు సీఎంపీఎల్‌ఎక్స్ అని నొక్కితే ఆ ఒక్క పనీ సంకీర్ణంగా జరుగుతుంది. రెండు సంఖ్యలతోనే స్టాక్ నిండిపోతుంది. పైగా ముందు కల్పిత భాగం, తర్వాత వాస్తవ భాగం కొట్టాలి: 18 ఎంటర్ 24. 15సీకి అలవాటుపడ్డ చేతికి ఇది తిరగబడిన వరుస. మన మోటారు లెక్కలో తప్పు వరుసలో కొడితే 4.8 − 6.4ఐ వస్తుంది. పొడవు అదే 8, కోణం వేరు. ఆంపియర్లు సరిగ్గానే ఉన్నాయనిపించి కెపాసిటర్ లెక్కంతా తప్పుతుంది.

అదే ఏడాది ఆ కంపెనీయే విడుదల చేసిన హెచ్‌పీ-42ఎస్ దగ్గర నాకు మనసు నిలుస్తుంది. 24 ఎంటర్ 18, ఆపైన కాంప్లెక్స్ అనే బటన్. రెండు సంఖ్యలూ ఒక్కటై స్టాక్‌లో ఒక్క మెట్టు మీద కూర్చుంటాయి. తెర మీద రెండు భాగాలూ పక్కపక్కనే. వేరియబుల్‌లో దాచితే మొత్తం దాగుతుంది. విడదీయాలంటే మళ్లీ అదే బటన్. కలిపేదీ విడదీసేదీ ఒకటే కావడం వల్ల గుర్తుపెట్టుకోవాల్సింది సగమైంది. కోణం మోడ్‌లో పెడితే 30 ఎంటర్ 36.87 కాంప్లెక్స్ అన్నది 30∠36.87గా అర్థమవుతుంది. లోపల మాత్రం ఎప్పుడూ వాస్తవ, కల్పిత భాగాలుగానే ఉంటుంది. కోణం చూపడం ఒక వేషం మాత్రమే గనుక 15సీ గుణకారపు ఉచ్చు ఇక్కడ లేదు. √(−1) అడిగితే ఐ వస్తుంది. వద్దనుకుంటే వాస్తవ జవాబులే చాలనే సెట్టింగ్ పెట్టుకోవచ్చు. ఆ సెట్టింగ్ ఉండాల్సిందే. పొలం కొలతల లెక్కలో వర్గమూలం కింద మైనస్ వచ్చిందంటే ఎక్కడో కొలత తప్పిందని. అక్కడ యంత్రం ఐ అంటూ ముందుకు సాగడం మేలు కాదు. మోటారు లెక్కలో అదే జవాబు.

42ఎస్‌కు ఉన్న లోటు ప్రోగ్రాముల్లో తెలుస్తుంది. సంకీర్ణ స్థిరాంకాన్ని ప్రోగ్రామ్‌లో ఒకే వరుసగా రాయలేం; రెండు సంఖ్యలు, ఆపైన కలిపే ఆజ్ఞ, ఇలా విడిగానే రాయాలి. 2007లో వచ్చిన హెచ్‌పీ-35ఎస్ ఆ పని చేసి చూపింది: 24 కొట్టి, ఐ బటన్, 18. మధ్యలో ఎంటర్ లేదు. అంకెల మధ్య దశాంశ బిందువు ఎలా వస్తుందో ఐ అలాగే వస్తుంది. కోణానికి వేరే బటన్. ప్రోగ్రామ్‌లో ఆ సంఖ్య ఒకే వరుస. కొట్టే పద్ధతి ఇంతకంటే సహజంగా ఉండదు. కానీ వచ్చిన జవాబులోంచి వాస్తవ భాగాన్ని మాత్రం విడిగా తీసే ఆజ్ఞ పెట్టడం మరిచారు! పొడవు తీసి, కోణం తీసి, కోసైన్‌తో గుణించి రాబట్టుకోవాలి. లోపలికి దారి వేసి బయటికి దారి వేయలేదు.

ఇలా చూస్తూ పోతే, పెద్ద నిర్ణయం అయ్యాక కూడా చిన్నవి తగులుతూనే ఉంటాయి. 24 ఐ 18 కొడుతుండగా గుర్తు మార్చే బటన్ నొక్కితే మైనస్ ఎవరికి? 18కే తగలాలి, ఎందుకంటే వేలు అక్కడుంది. ఎంటర్ అయ్యాక నొక్కితే మొత్తానికి తగలాలి. చెరిపే బటన్ 18లోని అంకెలన్నీ తిన్నాక ఐని కూడా తిని 24లోకి వెనక్కి పోవాలి, మొత్తం సంఖ్యను మింగకూడదు. ఎవరైనా −8∠36.87 అని కొడితే? పొడవు మైనస్ ఉండదు గనుక 8∠−143.13గా మార్చి చూపాలి, మార్చినట్టు కనిపించాలి కూడా. 30∠400 కొడితే 30∠40 అని తిరిగిస్తే గణితం ప్రకారం సరే, కానీ ఒక పూర్తి చుట్టు పోయింది. చుట్లు లెక్కపెట్టే పనిలో ఉన్నవాడికి అది నష్టం. సున్నాకు కోణం ఎంత అన్నదానికి సరైన జవాబే లేదు. సున్నా చూపి ఊరుకోవడం పద్ధతి. కోణం డిగ్రీల్లో ఉందా రేడియన్లలో ఉందా అన్నది సంఖ్య పక్కనే కనిపించకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

నన్ను అడిగితే, ఎలక్ట్రికల్ చదివే పిల్లల కోసం చేసే యంత్రంలో ఐకి షిఫ్ట్ అవసరం లేని బటన్ ఇస్తాను. కొట్టేటప్పుడు అది 35ఎస్‌లా రెండు భాగాలనూ వేరుచేస్తుంది. సంఖ్య పూర్తయ్యాక అదే బటన్ 42ఎస్‌లా విడదీస్తుంది. రూపం మార్చడానికి ఇంకొక బటన్, అంతే. హైపర్‌బోలిక్ ఫంక్షన్లను మెనూలోకి పంపేసి ఆ జాగా తీసుకుంటాను. దీనికి కొత్త ప్లాస్టిక్ పోయించే పని కూడా లేదు: 42ఎస్‌ను పూర్తిగా అనుకరించే ఫ్రీ42 అనే ప్రోగ్రామ్‌ను థామస్ ఓకెన్ రాసి ఉచితంగా పెట్టాడు, ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్న ఎవరైనా దింపుకుని 240 ఎంటర్ 24 ఎంటర్ 18 కొట్టి చూసుకోవచ్చు.

పరీక్షలు మాత్రం వేరే దారిలో ఉన్నాయి. గేట్ రాసేవాళ్లు సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లకూడదు. తెర మీద కనిపించేదాన్నే మౌస్‌తో నొక్కాలి. దానిలో సంకీర్ణ సంఖ్యలు లేవు. మన భాగహారం అక్కడ ఇలా సాగుతుంది: 24 వర్గం, 18 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 30, 18ని 24తో భాగించి టాన్ విలోమం తీస్తే 36.87, 240ని 30తో భాగిస్తే 8, కోణానికి గుర్తు మార్చి, కోసైన్, సైన్‌లతో గుణించి 6.4, −4.8. ఇంతవరకు ఓపిక ఉంటే చాలు. కానీ ప్రశ్నలో −24 − 18ఐ వచ్చిందనుకోండి. భాగించినప్పుడు మైనస్‌లు రెండూ కొట్టుకుపోతాయి, టాన్ విలోమం మళ్లీ అదే 36.87 ఇస్తుంది. ఆ సంఖ్య మూడో పాదంలో ఉందని, అసలు కోణం −143.13 అని కాగితం మీద చిన్న బొమ్మ గీసుకుని విద్యార్థే చూసుకోవాలి.